గుయాష్ పొయ్యి మీద పెట్టే ముందు

హంగరీలో గుయాష్ అంటే చిక్కటి కూర కాదు, సూప్. చిక్కటిదాన్ని అక్కడ పెర్కెల్ట్ అంటారు. కాబట్టి పలుచగా ఉందని టెన్షన్ పడి పిండి కలపొద్దు.

• పాప్రికా (హంగరీ వంటల్లో వాడే ఎర్ర మిరప పొడి) డబ్బా మూత తీసి వాసన చూడండి. తియ్యటి వాసన పోయి గోధుమరంగుకు తిరిగితే పనికిరాదు. బదులుగా మన కారం వేస్తే నోరు మండుతుందే తప్ప ఆ రుచి రాదు. హంగరీలోని సెగెడ్ ఊరి పాప్రికా దొరికితే ఇంకేం కావాలి!

• అసలు జాగ్రత్త ఇక్కడే. ఉల్లిపాయ మెత్తబడ్డాక గిన్నె కిందికి దించి, అప్పుడే పాప్రికా కలపాలి. వెంటనే మాంసం, కాసిని నీళ్లు పోయాలి. పాప్రికాలో చక్కెర ఉంటుంది, కాగే కొవ్వులో ఇట్టే మాడిపోతుంది. ఒకసారి దించకుండా వేశాను. ఎర్రటి పొడి కళ్లముందే నల్లబడి, గిన్నెడు గుయాష్ చేదెక్కింది.

• గొడ్డు మాంసంలో పిక్క భాగం మంచిది. ఉడకడానికి రెండు గంటలైనా పడుతుంది, ఆకలి మీద మొదలుపెట్టకండి.

• కారవే గింజలు కావాలి, జీలకర్ర కాదు.

• సూప్‌లో వేసే చిన్న పిండి ఉండల్ని చిపెట్కె అంటారు. వాటి పిండిలో నీళ్లు వద్దు. ఒక గుడ్డు, సుమారు 80 గ్రాముల మైదా, చిటికెడు ఉప్పు. గట్టిగా కలిపి అరగంట మూతపెట్టండి. చేతికి పిండి రాసుకుని గోరంత ముక్కలు గిల్లి, దించడానికి పది నిమిషాల ముందు సూప్‌లో వేయండి.