పంచాయతీని పట్టణంలో కలుపుతామన్నప్పుడు: ముసాయిదాను చదవడం, అభ్యంతరం రాయడం

పక్కనున్న పట్టణం పెరిగేకొద్దీ గ్రామ పంచాయతీని అందులో కలపాలన్న ప్రతిపాదన ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ప్రభుత్వం ఏయే అంశాలు చూసి ఈ నిర్ణయం తీసుకోవాలో రాజ్యాంగమే చెప్పింది కాబట్టి, అభ్యంతరమైనా మద్దతైనా ఆ అంశాల మీదే రాయాలి.

1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ సవరణ పట్టణ సంస్థలను నగర పంచాయతీ, మున్సిపాలిటీ, కార్పొరేషన్ అని మూడు రకాలు చేసింది. వీటి పరిధిని నిర్ణయించేటప్పుడు జనాభా, జనసాంద్రత, స్థానిక పాలనకు సమకూరే ఆదాయం, వ్యవసాయేతర పనుల్లో ఉన్నవారి శాతం, ఆర్థిక ప్రాధాన్యం వంటివి చూడాలని 243-క్యూ అధికరణ చెబుతోంది. 2011 జనగణన మీ ఊరిని జనగణన పట్టణంగా లెక్కించినా అది మున్సిపాలిటీ అయినట్టు కాదు. 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది, పురుష ప్రధాన శ్రామికుల్లో 75 శాతం వ్యవసాయేతరులు అన్న ఆ కొలత గణాంకాల కోసం పెట్టుకున్నది మాత్రమే.

ముసాయిదా నోటిఫికేషన్ రాగానే ఊరంతా కలుపుతున్నారా, కొన్ని సర్వే నంబర్లేనా అన్నది ముందు చూడాలి. రోడ్డు పక్కన దుకాణాలు, గోదాములు ఉన్న భాగం పట్టణానికి పోతే మిగిలిన పంచాయతీ ఇంటి పన్ను రాబడి ఎంతకు పడిపోతుందో లెక్క కట్టి రాయడం, నా ఉద్దేశంలో, అన్నిటికన్నా బలమైన వాదన. ఆ లెక్కలు పంచాయతీ కార్యదర్శి దగ్గర దొరుకుతాయి. అవి ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు గానీ, జవాబుకు 30 రోజుల గడువుంది. అభ్యంతరాల గడువు అంతకన్నా ముందే ముగిసిపోవచ్చు కనుక దరఖాస్తు మొదటి రోజే పెట్టడం మేలు.

ఉపాధి హామీ పథకం గ్రామీణ ప్రాంతాలకే పరిమితం. అందువల్ల ఊళ్లో ఎన్ని కుటుంబాలు ఆ పని మీద ఆధారపడుతున్నాయో చూపితే, వ్యవసాయేతర ఉపాధి శాతం గురించిన వాదన కూడా ఊహగా మిగలకుండా నిలబడుతుంది. ప్రాతినిధ్యం సంగతి కూడా రాయాలి: 2007లో 12 మున్సిపాలిటీలను, 8 పంచాయతీలను కలుపుకుని ఏర్పడిన గ్రేటర్ హైదరాబాద్‌కు మొత్తం 150 డివిజన్లే వచ్చాయి. అంతకు ముందు ఆ పంచాయతీల్లో ఊరికొక సర్పంచి, వార్డు సభ్యులు ఉండేవారన్నది గుర్తుంచుకోవాలి.

అభ్యంతరాన్ని గడువులోగా, నోటిఫికేషన్‌లో పేర్కొన్న అధికారికే రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి. గ్రామసభ తీర్మానం ఉంటే ప్రతిని జతచేయాలి. వందమంది ఒకే నకలు మీద సంతకాలు పెట్టడం కన్నా లెక్కలున్న పది వేర్వేరు అర్జీలు నయం.

తేదీలనూ గమనించాలి. జనగణనకు ముందు పరిపాలనా సరిహద్దులను మార్చకుండా స్తంభింపజేస్తారు. 2027 జనగణనకు ఆ గడువు 2025 డిసెంబర్ 31. విలీనం ఖాయమైతే తరువాత వచ్చేది వార్డుల విభజన ముసాయిదా. దాని అభ్యంతరాల గడువు వేరుగా ఉంటుంది, అర్జీ మళ్లీ కొత్తగా పెట్టుకోవాలి.