మాత్ర వేసినా కదలిక రావడం లేదా? పార్కిన్సన్స్ ఉన్న ఇంట్లో రోజూ వచ్చే చిక్కులు

మావారికి పార్కిన్సన్స్, అంటే కదలికలు నెమ్మదించి, ఒళ్లు బిగుసుకుపోయే మెదడు జబ్బు. ఒక రోజు బాగుండి, మర్నాడు బిగుసుకుపోతే జబ్బు ముదిరిందేమోనని టెన్షన్ పడతాం. చాలాసార్లు కారణం మాత్ర వేళలోనో, తిండిలోనో, కొత్తగా చేరిన ఇంకో మందులోనో ఉంటుంది. మాత్ర ఎన్నింటికి వేశారు, ఏం తిన్నారు, ఎప్పుడు కదలిక తగ్గింది అన్నవి ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి. న్యూరాలజిస్టుకు ముందు ఆ పుస్తకమే చూపించండి.

సమస్య: మాత్ర వేసి గంట దాటినా కాళ్లూ చేతులూ సాగడం లేదు

కారణం: ఈ జబ్బుకు ఇచ్చే ముఖ్యమైన మందు లెవోడోపా. అది చిన్నపేగు నుంచి రక్తంలోకి చేరాలి. పెసరట్టు, పప్పు, గుడ్డు, పాలు, పెరుగులోని ప్రొటీన్ కూడా అదే దారిన వెళ్లాలి. రెండూ ఒకేసారి వస్తే మందు వెనకబడుతుంది. మలబద్ధకం ఉన్నా మందు సరిగ్గా పనిచేయకపోవచ్చు.

పరిష్కారం: మామూలుగా తిండికి అరగంట ముందు, లేదా తిన్న గంట తర్వాత, మంచినీళ్లతో వేయండి. పాలతో వద్దు. ఖాళీ కడుపున వికారం వస్తే ఒక బిస్కెట్ పర్వాలేదు. ప్రొటీన్ మాత్రం మానిపించకండి, ఈ జబ్బులో అసలే చాలామంది బరువు తగ్గుతారు. పప్పు, గుడ్డు ఎక్కువగా రాత్రి భోజనానికి మార్చడం కుదురుతుందేమో డాక్టరును అడగండి.

మాత్ర పనిచేసి, తర్వాతి మాత్ర వేళకు ముందే దాని ప్రభావం దిగిపోతుంటే అది వేరే సంగతి. డోసు మధ్య దూరాన్ని డాక్టరే మార్చాలి. మనంతట మనం పెంచకూడదు. హఠాత్తుగా ఆపడం ఇంకా ప్రమాదం, తీవ్రమైన జ్వరం, బిగుతుతో ఆసుపత్రి పాలవ్వచ్చు. దూలగొండి పొడి వాడమని ఎవరైనా చెబితే ఒక్కటి గుర్తుంచుకోండి: దాని గింజల్లో ఉండేది కూడా లెవోడోపానే. డాక్టరుకు చెప్పకుండా కలిపితే డోసు లెక్క తప్పుతుంది.

సమస్య: గుమ్మం దగ్గర కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతారు

కారణం: నడక తనంతట తాను సాగేలా చూసే మెదడు భాగం తడబడుతుంది. ఇరుకు గుమ్మాలు, మలుపులు, తొందర దాన్ని పెంచుతాయి.

పరిష్కారం: చెయ్యి పట్టి లాగకండి, పడిపోతారు. ముందు పూర్తిగా ఆగనివ్వండి. బరువును ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు మార్చమనండి. "ఒకటి, రెండు" అని పైకి లెక్కపెడుతూ అడుగు వేయించండి. గుమ్మానికి ముందు నేల మీద అడ్డంగా రంగు టేపు అంటిస్తే ఆ గీతలు దాటుతూ చాలామంది నడవగలరు. గడప దగ్గర పరిచిన పట్టాలు, కాళ్లు తుడుచుకునే జారే గుడ్డలు తీసేయండి. ఫోన్ మోగినా, బెల్ కొట్టినా "త్వరగా రండి" అని పిలవకండి.

సమస్య: మంచం దిగగానే తూలుతున్నారు

లేచినప్పుడు బీపీ పడిపోతుండవచ్చు. జబ్బూ మందులూ రెండూ దీనికి కారణం కావచ్చు. పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడ్డాక మూడు నిమిషాలకు ఒకసారి బీపీ చూసి రాయండి. పాత బీపీ మాత్ర ఇంకా అవసరమా అని అడగండి. లేచే ముందు మంచం అంచున కాసేపు కూర్చోబెట్టండి.

సమస్య: లేని మనుషులు కనిపిస్తున్నారంటున్నారు

ఉన్నట్టుండి మొదలైతే మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, కొత్త మందు అనే మూడింటినీ ముందు చూడాలి. వణుకుకు ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ పెద్దవాళ్లలో అయోమయం తెస్తుంది. వాదించకండి, లైటు వేసి పక్కన కూర్చోండి, అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయండి.

సమస్య: వాంతులకు ఇంజెక్షన్ చేయించాక బాగా బిగుసుకుపోయారు

వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్ మెదడులో కదలికకు అవసరమైన డోపమైన్ అనే రసాయనానికి అడ్డం పడతాయి. అయోమయానికి, ఆందోళనకు ఆసుపత్రుల్లో ఇచ్చే హాలోపెరిడాల్ కూడా అంతే. పార్కిన్సన్స్ ఉందని, ఈ మూడూ ఇవ్వకూడదని ఒక కాగితం మీద రాసి ఆయన జేబులో, మీ పర్సులో పెట్టండి. ఏ ఆసుపత్రికి వెళ్లినా మొదట అది ఇచ్చి, మాత్రలు ఇంటి వేళలకే ఇవ్వమని గట్టిగా అడగండి.