పొదుపు సంఘంలో ఏ ఖాతా తెరవాలి?

ఊళ్లో అందరూ మ్యాక్స్ సంఘమని పిలిచే పరస్పర సహాయక సహకార పొదుపు సంఘం 1995 నాటి చట్టం కింద నమోదవుతుంది. దానికి బయటి యజమానులు ఉండరు. వాటా ధనం కట్టి సభ్యులైనవారే యజమానులు, ఒక్కొక్కరికి ఒక్కటే ఓటు. కాబట్టి అందులో డబ్బు దాచుకునే వారికి ఆ డబ్బు ఎవరికి అప్పుగా వెళుతోందో అడిగే హక్కు ఉంటుంది, ఆ అప్పు తిరిగి రాకపోతే కలిగే నష్టంలో పాలూ ఉంటుంది. వడ్డీ రేటు చూసి ఖాతా ఎంచుకోవడం మన జిల్లాల్లో పాత అలవాటే గాని, నా ఉద్దేశంలో చూడవలసిన వరుస వేరు: ముందు సంఘం స్థితి, తరువాత మనకు డబ్బు అవసరపడే కాలం, రేటు ఆ తరువాతే.

బ్యాంకులో దాచిన సొమ్ముకు, జిల్లా సహకార కేంద్ర బ్యాంకులో దాచిన సొమ్ముతో సహా, అసలూ వడ్డీ కలిపి ఒక్కొక్కరికి 5 లక్షల రూపాయల వరకు డిపాజిట్ బీమా ఉంది. 2020 ఫిబ్రవరికి ముందు ఆ పరిమితి లక్ష రూపాయలే. పొదుపు సంఘాల్లో దాచిన సొమ్ముకు ఈ బీమా వర్తించదు. కొన్ని సహకార సంఘాలు తమ పేరులో బ్యాంకు అన్న మాట వాడుకుంటున్నాయనీ, వాటి డిపాజిట్లకు బీమా ఉండదనీ రిజర్వు బ్యాంకు 2021 నవంబరులో ప్రజలను హెచ్చరించింది. అందుచేత బోర్డు మీద ఏమి రాసి ఉన్నా, రిజిస్ట్రేషన్ నంబరు అడిగి తీసుకుని, అది సరైనదో కాదో జిల్లా సహకార అధికారి కార్యాలయంలో విచారించుకోవాలి. ఆసుపత్రి ఖర్చుకని దాచుకున్న డబ్బును మాత్రం బ్యాంకులోనో పోస్టాఫీసులోనో ఉంచడమే మేలని నేను గట్టిగా చెబుతాను.

సంఘం స్థితి తెలియాలంటే సర్వసభ్య సమావేశంలో పెట్టిన చివరి ఆడిట్ నివేదికను అడగాలి. చదవడం కష్టమనిపిస్తే మూడు అంకెలు చాలు: సభ్యులకు ఇచ్చిన మొత్తం అప్పు, అందులో గడువు దాటిన బకాయి, సంఘం బ్యాంకులో ఉంచుకున్న నిల్వ. బకాయి ఏటేటా పెరుగుతూ నిల్వ తరుగుతూ ఉంటే, రేటు ఎంత ఎక్కువైనా ఆ సంఘంలో పెద్ద మొత్తం వేయవద్దు. సంఘం అప్పిచ్చే వడ్డీకీ డిపాజిట్‌కు ఇచ్చే వడ్డీకీ మధ్య తేడా కూడా చూడాలి. నూటికి రూపాయి వడ్డీకి, అంటే ఏడాదికి 12 శాతానికి అప్పులిచ్చే సంఘం డిపాజిట్‌కు 11 శాతం ఇస్తానంటే, గుమాస్తా జీతం, ఆఫీసు అద్దె, రాని బాకీలు అన్నీ ఆ మిగిలిన ఒక్క శాతంలోనే సర్దుకోవాలి. అది ఎలా సాధ్యమో పాలకవర్గాన్ని అడగడంలో తప్పేమీ లేదు.

ఇక ఖాతాల సంగతి. నెలనెలా కట్టే తప్పనిసరి పొదుపు చాలా సంఘాల్లో సభ్యత్వంతోపాటే వస్తుంది. దానికి ఎన్ని రెట్లు అప్పు ఇస్తారో, మధ్యలో తీసుకోనిస్తారో లేదో బైలాలో ఉంటుంది. నష్టం వచ్చిన ఏడాది ఆ లోటును సభ్యులకు ఎలా పంచుతారన్న నియమాన్ని కూడా అక్కడే చదువుకోవాలి. ఎప్పుడైనా తీసుకోగల సాదా పొదుపు ఖాతాకు వడ్డీ తక్కువ. గడువు డిపాజిట్‌కు ఎక్కువ గాని, మధ్యలో తీస్తే కోత పడుతుంది.

మన దగ్గర ఆదాయం నెలజీతంలా రాదు గనుక గడువును పంటను బట్టి పెట్టుకోవాలి. డిసెంబరులో పత్తి అమ్మగా 60,000 రూపాయలు మిగిలాయనుకుందాం. జూన్‌లో విత్తనాలు, ఎరువులు, పిల్లల ఫీజులు ఒక్కసారిగా మీద పడతాయి. రేటు కాస్త ఎక్కువని ఏడాది గడువుకు వేస్తే సరిగ్గా అప్పుడే మధ్యలో తీయవలసి వస్తుంది. దానికి బదులు 20,000 సాదా ఖాతాలో ఉంచి, మిగిలిన 40,000 ఆరు నెలల గడువుకు, అదీ 20,000 చొప్పున రెండు వేర్వేరు రశీదులుగా వేసుకుంటే, మార్చిలో అనుకోని ఖర్చు వచ్చినా ఒక రశీదునే తీయవచ్చు, రెండోదాని వడ్డీ చెక్కుచెదరదు. 8 శాతం చొప్పున ఆ 40,000కు ఆరు నెలల్లో 1,600 రూపాయలు వస్తాయి. సాదా ఖాతాలో 3 శాతానికి ఉంచితే 600 వస్తాయి. వలస కూలికి పోయి నెలనెలా డబ్బు పంపే పాలమూరు కుటుంబాలకు మాత్రం రికరింగ్ డిపాజిటే అనువైనది. నెలకు 1,000 చొప్పున ఏడాదిపాటు కడితే, 8 శాతం సాధారణ వడ్డీతో చివరికి 12,520 రూపాయలు చేతికి వస్తాయి. ఒక కిస్తీ తప్పితే జరిమానా ఎంతో ముందే అడిగి ఉంచుకోవాలి.

రేటు ఎంతని అడిగి ఊరుకోవద్దు, లెక్క ఎలా కడతారో కూడా అడగాలి. నూటికి ముప్పావలా అంటే ఏడాదికి 9 శాతం. బ్యాంకుల్లో 2010 ఏప్రిల్ నుంచి పొదుపు ఖాతాకు రోజువారీ నిల్వ మీద వడ్డీ కడుతున్నారు. ఏ సంఘమైనా నెలలో ఉన్న కనీస నిల్వ మీదనే కడుతుంటే, 5వ తేదీన 30,000 వేసి 28న 25,000 తీసినవారికి ఆ నెల 5వ తేదీకి ముందు ఖాతాలో ఉన్న నిల్వ మీదనే వడ్డీ వస్తుంది, అప్పుడు ఖాతా ఖాళీగా ఉంటే అదీ రాదు.

డబ్బు కట్టింది ఇంటి దగ్గరైనా, సంఘం ఆఫీసులోనైనా, తేదీ, మొత్తం, సంతకం ఉన్న రశీదు అప్పటికప్పుడే తీసుకుని పాసుబుక్కులో ఎక్కించుకోవాలి. పెద్ద మొత్తాలను చేతికి ఇవ్వకుండా బ్యాంకు ఖాతా నుంచి సంఘం పేరిట ఉన్న ఖాతాకు పంపాలి. నామినీ పేరును పాసుబుక్కులోనే కాక సంఘం రిజిస్టరులోనూ రాయించాలి, గడువు డిపాజిట్ రశీదు ఒక్కొక్కదానికీ విడిగా రాయించాలి. పెళ్లికి ముందు తల్లి పేరు రాసినవారు ఇప్పుడు భార్య పేరో భర్త పేరో ఉండాలనుకుంటే ఆ మార్పు వాళ్లే రాసి ఇవ్వాలి, సంఘం తనంతట తాను మార్చదు.