ఐస్ హాకీ గోలీ (గోల్ కీపర్) సామాను: ఏది ముందు కొనాలి, ఎలా వేసుకోవాలి?

క్రికెట్ బంతి పట్టుకున్న చేతికి ఐస్ హాకీ పక్ బరువు కొత్తగా అనిపించదు. బంతి 156 నుంచి 163 గ్రాములుంటే, పక్ 156 నుంచి 170 గ్రాములు ఉంటుంది. కాకపోతే ఇది గట్టి రబ్బరు బిళ్ల. 3 అంగుళాల వెడల్పు, 1 అంగుళం మందం. మంచు మీద ఎగిరెగిరి పడకుండా పెద్ద మ్యాచ్‌లలో దీన్ని ముందే ఫ్రీజర్‌లో పెట్టి తెస్తారు. వికెట్ కీపర్ దగ్గరికి బంతి బ్యాటును దాటుకుని వస్తుంది. గోలీ మీదికైతే ఎదుటివాడు సూటిగా కొడతాడు. ఆ గోలీ కాపాడాల్సిన వల 6 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు.

నేను కెనడాలోని ఒంటారియోకి వచ్చాక, ముప్పై దాటిన తర్వాత ఈ ఆట నేర్చుకున్నాను. వారానికొక రాత్రి సరదా లీగులో గోలీగా నిలబడతాను. ఇక్కడి మనవాళ్లు "మావాడు గోలీ అవుతానంటున్నాడు, ఏం కొనాలి?" అనో, "నేనే మొదలుపెడదామనుకుంటున్నా" అనో అడుగుతుంటారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

దుకాణంలోకి వెళ్లగానే అందరి కన్నూ పెద్ద కాళ్ల ప్యాడ్ల మీద పడుతుంది. డబ్బు పెట్టడం మాత్రం అక్కడ మొదలుపెట్టకండి. మాస్కు, మెడ కాపు, గజ్జల గార్డు, ఛాతీ కవచం ఈ నాలుగూ మీ ఒంటికి సరిగ్గా సరిపోయేవి ముందు కొనండి. ఆ తర్వాత స్కేట్లు. ప్యాడ్లు, బ్లాకరు (స్టిక్ పట్టే చేతికి వేసుకునే పలక గ్లవ్), పక్ పట్టే క్యాచ్ గ్లవ్ వాడినవి కొన్నా ఫరవాలేదు. పెద్దవాళ్ల సైజులో అన్నీ కొత్తవి, పై రకానివి తీసుకుంటే ఖర్చు వేల డాలర్లలోకి పోతుంది. మొదటి ఏడాది అంత అవసరం లేదు.

మాస్కు, మెడ

1959 నవంబర్ 1న న్యూయార్క్‌లో ఆండీ బాత్‌గేట్ కొట్టిన షాట్ మాంట్రియల్ గోలీ జాక్ ప్లాంట్ ముఖానికి తగిలింది. కుట్లు వేయించుకుని వచ్చిన ప్లాంట్, మాస్కు లేకుండా మళ్లీ దిగనన్నాడు. దిగాడు, మాంట్రియల్ 3-1తో గెలిచింది. అంతకుముందు 1930లో క్లింట్ బెనడిక్ట్ కొద్ది రోజులు తోలు మాస్కు పెట్టుకున్నా అది నిలవలేదు. ప్లాంట్ తర్వాతే గోలీలకు మాస్కు మామూలైంది.

కొనేటప్పుడు కనుబొమ్మల పైన తల చుట్టుకొలత తీసుకుని వెళ్లండి. మాస్కు పెట్టుకోగానే గడ్డం, దాని కోసం ఉన్న గిన్నెలో కూర్చోవాలి. వెనక పట్టీలు బిగించి తలను కాదన్నట్టు, ఔనన్నట్టు గట్టిగా ఊపండి. మాస్కు మీ తలతో పాటు కదలాలి. తల ముందు కదిలి మాస్కు ఆలస్యంగా వస్తే అది పెద్దదయినట్టు. నుదుటి మీద ఒకచోటే నొక్కుతుంటే మీ తల ఆకారానికి అది కుదరదు, ఇంకో కంపెనీది చూడండి.

ముందున్న ఇనుప జాలి రెండు రకాలు. కళ్ల దగ్గర పెద్ద ఖాళీ వదిలేది పిల్లికన్ను జాలి. చూపుకి హాయిగా ఉంటుంది, పెద్ద ఆటగాళ్లు వాడతారు. కానీ ఆ ఖాళీలోంచి స్టిక్ కొస లోపలికి రాగలదు. సరదాకి ఆడేవాళ్లు చిన్న చదరపు గళ్లున్న జాలి, దాని మీద భద్రతా ధ్రువీకరణ ముద్ర ఉన్నదే తీసుకోవాలి. తక్కువ ధరకు దొరికే కొన్ని మాస్కులు వీధి హాకీలో బంతికి మాత్రమే పనికొస్తాయి. లోపలి చీటీ చదవండి.

ఇక మెడ. ఇక్కడ రెండు వస్తువులు కావాలి, ఒకటి ఉంటే చాలదు. మాస్కు గడ్డం నుంచి తాళ్లతో వేలాడే పారదర్శకమైన పలకను డాంగ్లర్ అంటారు. అది పక్‌ని ఆపుతుంది. మెడ చుట్టూ వేసుకునే పట్టీ స్కేటు బ్లేడును ఆపుతుంది. 1989 మార్చి 22న బఫెలో గోలీ క్లింట్ మలార్‌చుక్ మెడను ఎదుటి ఆటగాడి స్కేటు కోసింది. జట్టు శిక్షకుడు రక్తనాళాన్ని నొక్కి పట్టుకోవడం వల్ల బతికాడు. 2023 అక్టోబర్‌లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో స్కేటు తగిలి మెడ తెగిన ఆటగాడు ఆడం జాన్సన్‌కి ఆ అదృష్టం దక్కలేదు. పిల్లలకు కొంటున్నా, మీకు కొంటున్నా, కోత తగలని గుడ్డతో చేసిన మెడ పట్టీ లేకుండా మంచు మీదికి పంపకండి, దిగకండి.

ఛాతీ కవచం, గజ్జల గార్డు, ప్యాంటు

ఛాతీ కవచాన్ని నిలబడి చూసి కొనొద్దు. మాస్కు కూడా పెట్టుకుని, మోకాళ్లు వంచి, గోలీ నిలబడినట్టు ముందుకు వంగండి. తల అటూ ఇటూ తిప్పండి. కవచం పైకి జరిగి మాస్కుని ఎత్తుతుంటే అది పొడవెక్కువ. రెండు చేతులూ పైకెత్తితే పొట్ట బయటపడుతుంటే పొట్టి. మెడ ఎముకలు, భుజాల అంచు, మోచేయి, ఈ మూడు చోట్లా వేళ్లతో నొక్కి చూడండి. వాడిన కవచంలో ముందుగా చచ్చేది అక్కడి ఫోమే. పైకి గుడ్డ కొత్తదానిలా ఉంటుంది, లోపల నురుగు అట్టలా అణిగిపోయి ఉంటుంది. అందుకే దీన్ని వాడినది కొనొద్దంటాను.

క్రికెట్ అబ్డామినల్ గార్డు ఇంట్లో ఉంది కదా అనుకోకండి. గోలీలకు రెండు పొరలతో, పొత్తికడుపు దాకా వచ్చే ప్రత్యేకమైన గార్డు ఉంటుంది. ఆడవాళ్లకు వేరేగా చేస్తారు. ప్యాంటు మాత్రం నడుము దగ్గర కాస్త వదులుగా ఉండాలి, ఛాతీ కవచం అడుగుభాగం అందులోకి దూరాలి కాబట్టి.

కాళ్ల ప్యాడ్ల కొలత

నేను బాగా దెబ్బతిన్నది ఇక్కడే. మొదటి ప్యాడ్లు ఒకరి దగ్గర వాడినవి కొన్నాను. తెల్లగా, కొత్తవాటిలా ఉన్నాయి. నాకు రెండంగుళాలు పొడవెక్కువ. పొడవుంటే ఎక్కువ వల కప్పుతుంది కదా అనుకున్నాను. మోకాళ్ల మీద దిగి కాళ్లు రెండు పక్కలకూ పరిచే భంగిమను బటర్‌ఫ్లై అంటారు. నేను దిగిన ప్రతిసారీ తొడల దగ్గర రెండు ప్యాడ్ల కొసలూ ఒకదాన్నొకటి గుద్దుకునేవి. ప్యాడ్లు పూర్తిగా తిరిగేవి కావు, మోకాళ్ల మధ్య సందు మిగిలేది. ఆ సీజనంతా పక్‌లు ఆ సందులోంచే పోయాయి. మోకాలు కూడా మెత్త మీద కాకుండా దాని కిందికి దిగడంతో నెల తిరిగేసరికి నొప్పి మొదలైంది.

కాబట్టి కొలత ఇలా తీసుకోండి. స్కేట్లు వేసుకుని, తాళ్లు కట్టుకుని, కుర్చీలో కూర్చుని మోకాలిని లంబంగా వంచండి. చీలమండ దగ్గర స్కేటు ముందువైపు మడత పడే చోటు నుంచి మోకాలి చిప్ప నడిమధ్య దాకా టేపు పట్టించండి. వేరొకరు పడితేనే సరిగ్గా వస్తుంది. ఆ అంగుళాలను ఏ కంపెనీ ప్యాడ్లు కొంటున్నారో ఆ కంపెనీ పట్టికలోనే చూడాలి. ఒకరి 33, ఇంకొకరి 33 ఒకటి కాదు. ప్యాడ్ మీద 33+1 అని ఉంటే ఆ +1 తొడ మీదికి వచ్చే అదనపు పొడవు.

చివరి పరీక్ష ఒకటే. ప్యాడ్లు కట్టుకుని దుకాణంలోని రబ్బరు చాప మీద బటర్‌ఫ్లైలోకి దిగండి. మోకాలు లోపలి మెత్త నడుమ వాలాలి. పైన ప్యాడ్లు రెండూ ఒకదానికొకటి ఆనుకుని తలుపులా మూసుకోవాలి. తొడకీ ప్యాడ్‌కీ మధ్య మిగిలే ఖాళీ కోసం విడిగా మోకాలి గార్డులు కొనండి. చాలామంది వీటిని మరిచిపోతారు.

స్కేట్లు, సాన

గోలీ స్కేటు బ్లేడు మామూలు స్కేటు బ్లేడు కంటే మందం, అడుగున చదును. నిలబడినప్పుడు బొటనవేలు ముందు గోడను ఆనీ ఆననట్టు ఉండాలి, మోకాలు వంచితే వెనక్కి రావాలి. మామూలు బూటు సైజు కంటే ఒకటో ఒకటిన్నరో తక్కువ పడుతుంది. కొత్త స్కేట్లకు సాన పట్టించకుండా దిగొద్దు. బ్లేడు అడుగున పొడవునా ఒక గాడి తీస్తారు. గాడి లోతు ఎక్కువైతే మంచును కరిచి పట్టుకుని పక్కకు జరగనివ్వదు, తక్కువైతే తోసినప్పుడు జారిపోతుంది. అర అంగుళం కొలతతో (ఇది గాడి లోతు కాదు, దాని వంపు వ్యాసార్థం) మొదలుపెట్టి, నాలుగు ఆటలయ్యాక మార్చుకోండి. సాన పట్టేవాడికి ఇవి గోలీవని ముందే చెప్పండి.

గ్లవ్, బ్లాకరు, స్టిక్

కొత్త క్యాచ్ గ్లవ్ అట్టలా ఉంటుంది, ముడవబోతే ముడుచుకోదు. గ్లవ్‌లో పక్ పడే సంచిలో రెండు పక్‌లు పెట్టి, మూసి, పట్టీతో చుట్టి రాత్రంతా వదిలేయండి. పగలు టీవీ ముందు కూర్చున్నప్పుడు వందసార్లు తెరిచి మూయండి. ఓవెన్‌లో మాత్రం పెట్టొద్దు, తోలు పాడవుతుంది. పక్‌ని అరచేత్తో కాదు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సంచితో పట్టాలి.

స్టిక్ అడుగున మంచుకి ఆనే బ్లేడుకి పైనున్న వెడల్పాటి భాగాన్ని పాడిల్ అంటారు. వంగి నిలబడినప్పుడు, బ్లాకరు చెయ్యి పాడిల్ పైన ఉండగా, బ్లేడు మంచుకి చదునుగా ఆనాలి. పాడిల్ పొడవైతే మోచేయి పైకి లేచి చంక కింద దారి తెరుచుకుంటుంది. ఫోమ్ లోపలున్న స్టిక్కే చాలు, తేలికైన ఖరీదైనవి తర్వాత. పైకొసన టేపుతో లావుగా ముడి చుట్టండి. కింద పడిన స్టిక్‌ని బ్లాకరుతో ఎత్తుకోవాలంటే అదే ఆధారం.

వేసుకునే వరుస

గార్డు, మోకాలి గార్డులు, మేజోళ్లు, ప్యాంటు, స్కేట్లు, కాళ్ల ప్యాడ్లు, ఛాతీ కవచం, మెడ పట్టీ, జెర్సీ, మాస్కు, చివర గ్లవ్స్. ఛాతీ కవచం వేసుకున్నాక కిందికి వంగి స్కేటు తాళ్లు కట్టుకోలేరు, అందుకే ఈ వరుస.

ప్యాడ్‌ను బోర్లా పరిచి, ముందు బొటనవేలి తాడుని స్కేటుకి కట్టండి. స్కేటుకీ ప్యాడ్‌కీ మధ్య మూడు నాలుగు వేళ్లు దూరేంత వదులు ఉంచండి. మోకాలి పట్టీ దగ్గరగా, పిక్క పట్టీ వదులుగా. బకిళ్లు బయటివైపుకి రావాలి. కొత్తవాళ్లు భయంతో అన్నీ బిగించేస్తారు. బిగిస్తే ప్యాడ్ కాలితో పాటే ఉండిపోతుంది, బటర్‌ఫ్లైలో తిరగదు. తిరగని ప్యాడ్ మోకాలిని తిప్పుతుంది.

మంచు మీద మొదటి పది నిమిషాలు పక్ వద్దు. పక్కలకు జరగడం, దిగడం, లేవడం. లేచేటప్పుడు ముందు ఒక మోకాలు ఎత్తి ఆ స్కేటు అంచుతో తోయండి. తర్వాత తోటివాళ్లను ముందు కింద, ఆపైన పైకి కొట్టమనండి. గోలీల కొరత ఉంది కాబట్టి చాలా సరదా లీగుల్లో మీ దగ్గర ఫీజు తక్కువ తీసుకుంటారు, కొన్నిచోట్ల అసలు తీసుకోరు. ఓపిగ్గానూ కొడతారు.

ఇంటికొచ్చాక సంచి జిప్పు మూసి కారు డిక్కీలో వదిలేయొద్దు. అన్నీ తీసి ఫ్యాను గాలికి వేలాడదీయండి. హీటర్ పక్కన పెడితే తోలు పగులుతుంది. స్కేటు బ్లేడ్లు గుడ్డతో తుడవండి. లోపలి బట్టలు అదే రాత్రి ఉతకండి. జాలిని మాస్కుకి బిగించే మరలు ప్రతి ఆటకీ కాస్త వదులవుతాయి. చిన్న స్క్రూడ్రైవరొకటి సంచిలోనే ఉంచుకుని, మాస్కు ఆరబెట్టే ముందు ఒక్కొక్కటీ తిప్పి చూడండి.