రాత్రి వేటకు ముందు ముఖద్వారం సంగతి: తిరుపతి మిత్రబృందాలకు కొన్ని జాగ్రత్తలు

తిరుపతి నుంచి శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా వాకాడు వైపు సుమారు వంద కిలోమీటర్లు వెళితే బంగాళాఖాతం ఎదురవుతుంది. శనివారం మధ్యాహ్నం బయలుదేరి, నలుగురు మిత్రులు కలిసి ఒక ఫైబర్ పడవను బాడుగకు మాట్లాడుకొని, రాత్రంతా గాలం వేసి, ఆదివారం పొద్దునకు పండుగప్పతోనో మాగతోనో ఇల్లు చేరాలని కోరుకోవడంలో తప్పేమీ లేదు. అయితే కొండ కింద పుట్టి పెరిగిన మనకు చెరువు ఈత తెలిసినంతగా సముద్రపు నడక తెలియదు గనుక, మన ఏర్పాట్లన్నీ గాలాలతో, ఎరలతో, బిర్యానీ పొట్లాలతో మొదలవుతాయి. నిజానికి మొదట తేల్చుకోవలసినది పడవ ముఖద్వారాన్ని, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటును, ఏ వేళకు దాటుతుంది, ఏ వేళకు తిరిగి వస్తుంది అన్న ఒక్క విషయమే. తేదీ, బయలుదేరే గంట, ఎంతమంది వెళ్లాలన్నది, చివరికి వెళ్లాలా మానాలా అన్నది కూడా దాన్నిబట్టే తేలుతుంది.

మంచి వాతావరణంలో, తీరానికి రెండు మూడు కిలోమీటర్ల లోపల లంగరు వేసుకొని కూర్చున్న పడవకు అంతగా భయం లేదు. ఉప్పుటేరు గానీ నది గానీ సముద్రంలో కలిసే చోట, ఇసుక మేటలు వేసి లోతు తగ్గిన ఆ సన్నని దారిలోనే అసలు ప్రమాదం పొంచి ఉంటుంది. సముద్రం నుంచి వచ్చే అల లోతు తగ్గేకొద్దీ ఎత్తు పెరుగుతుంది. అదే సమయంలో ఆటు మొదలై లోపలి నీరు వడిగా బయటికి పారుతూ ఉంటే, ఎదురుపడిన ఆ ప్రవాహం వల్ల అల మరింత నిటారుగా లేచి విరుగుతుంది. 2011 డిసెంబరు 25న పులికాట్ సరస్సులో తమిళనాడు వైపు విహారానికి వెళ్లిన పడవ తిరగబడి ఇరవై మందికి పైగా చనిపోయినది కూడా సరస్సు సముద్రాన్ని కలిసే ప్రాంతంలోనే. వాకాడు దగ్గరి తూపిలిపాలెం వంటి చోట్ల ముఖద్వారంతో పని లేకుండా ఇసుక మీద నుంచే పడవను అలల్లోకి తోస్తారు గానీ, అక్కడ కూడా విరిగే అలల వరుసను దాటే ఆ కొద్ది నిమిషాలే గండం. ఆ కొద్దిసేపు అందరూ పడవ అడుగున కూర్చొని, రెండు చేతులతో అడ్డపలకను పట్టుకొని ఉండాలి. వీడియో తీసుకోవడానికి అది సమయం కాదు.

ఈ మాట నాకు పుస్తకం చూసి తెలిసినది కాదు. మొదటిసారి వెళ్లినప్పుడు మేము దారిలో టిఫిన్ల దగ్గర గంటన్నర పోగొట్టుకొని చీకటి పడ్డాక రేవు చేరాము, పైగా పడవ అతన్ని తొందరపెట్టాము. ముఖద్వారానికి ఇంకా కొంత దూరం ఉండగానే పడవ అడుగు ఇసుకకు తగిలి ఆగిపోయింది. అతను గడ వేసి రెండు సార్లు నెట్టి చూసి, బీడీ వెలిగించుకొని, "నీళ్లు దిగతా ఉండాయన్నా, ఇంక పోటొచ్చేదాకా ఇది కదలదు" అన్నాడు. సుమారు ఐదు గంటలు దోమల మధ్య అక్కడే కూర్చున్నాము. ఇసుక మీద ఆగిపోవడం మా అదృష్టమని, అదే ఆటులో ముఖద్వారం దాకా వెళ్లి ఉంటే ఏమయ్యేదో తలుచుకోవడానికి కూడా భయమని తెల్లవారాక గానీ మాకు అర్థం కాలేదు.

కాబట్టి తేదీని సెలవును బట్టి కాక పోటును బట్టి నిర్ణయించాలి. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు వస్తాయి. ఒక పోటుకూ తరువాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాల వ్యవధి ఉంటుంది గనుక, ఈ రోజు ఐదు గంటలకు వచ్చిన పోటు రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. సాయంత్రం ఐదు గంటల ప్రాంతంలో నీరు నిండే రోజును ఎంచుకుంటే, వెలుతురు ఉండగానే ముఖద్వారం దాటవచ్చు, మరునాడు తెల్లవారుజామున ఐదున్నర ప్రాంతంలో నీరు మళ్లీ నిండుతుంది గనుక తొలి వెలుగులోనే లోపలికి రావచ్చు. ఇటువంటి రోజులు పక్షానికి రెండు మూడు మాత్రమే దొరుకుతాయి. ఒకచోట ఒక తిథికి పోటు ఇంచుమించు ఒకే గంటకు వస్తుంది గనుక, ఏ తిథికి ఎప్పుడు నీళ్లు నిండుతాయో ఆ ఊరి పెద్దలు చెప్పగలరు. మన ఇంటి గోడ మీది క్యాలెండరు చూసి ఫోనులో వాళ్లతో సరిచూసుకుంటే పోటు పట్టికతో పెద్దగా పని ఉండదు. పౌర్ణమికి, అమావాస్యకు పోటూ ఆటూ రెండూ పెద్దవి, ప్రవాహం వడి కూడా ఎక్కువ. అష్టమి ప్రాంతంలో రెండూ చిన్నవి. దాటడం ఎప్పుడూ నీరు పూర్తిగా నిండడానికి కొంచెం ముందుగా జరగాలి, ఎందుకంటే అప్పుడు ఇసుకకు తగిలినా ఎక్కే నీరే పడవను లేపుతుంది. పొద్దున ఏదైనా కారణం చేత ఆ వేళ తప్పిపోతే, ఎండలో బయటే ఆగి మధ్యాహ్నం ఆటు తిరిగి పోటు మొదలయ్యే దాకా వేచి ఉండవలసిందే గనుక, తాగునీరు, తిండి, డీజిలో పెట్రోలో ఆ ఆలస్యానికి కూడా సరిపడేటంత ఉండాలి. ఇంధనంలో ఒక వంతు పోవడానికి, ఒక వంతు రావడానికి, మిగిలిన మూడో వంతు ముట్టకుండా ఉంచుకోవడానికి అని లెక్క వేసుకోవడం మంచిది.

మొదటిసారి వెళ్లేవారు ముఖద్వారమే దాటకుండా ఉప్పుటేరు లోపలే రాత్రి గడపడం మేలని నా అభిప్రాయం. పండుగప్పకు అక్కడి మడ మొక్కల అంచులే ఇష్టమైన తావు. కాకపోతే పులికాట్ పక్షుల అభయారణ్యం హద్దుల్లోకి అటవీ శాఖ అనుమతి లేకుండా పోకూడదు.

కాలం విషయం త్వరగా చెప్పవచ్చు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు ఇంజిన్ పడవల వేటకు నిషేధం ఉంటుంది. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరిగే రోజుల్లో గంగ మీదికి, అంటే సముద్రం మీదికి, పడవ పోదని గుర్తుపెట్టుకుంటే చాలు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు, తుపాన్లు. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుపాను అంతకుముందు మన తీరం వెంబడే ఉత్తరానికి సాగిందన్నది మరువరాదు. ఇక మిగిలిన వాటిలో ఫిబ్రవరి, మార్చి నెలలు మేలైనవి. శ్రీహరికోట నుంచి రాకెట్ ప్రయోగం ఉన్నప్పుడు చుట్టుపక్కల సముద్రంలోకి పడవలను పోనివ్వరు గనుక ఆ తేదీలు కూడా ముందే చూసుకోవాలి.

వాతావరణం చూడడమంటే ఫోనులో వాన బొమ్మ ఉందా లేదా అని చూడడం కాదు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే సముద్ర స్థితి సూచనలో అలల ఎత్తు, గాలి వేగం, గాలి దిశ మూడింటినీ చూడాలి. వాతావరణ శాఖ మత్స్యకారులకు ఇచ్చే హెచ్చరికను బయలుదేరే రోజు పొద్దున ఒకసారి, రేవులో మరొకసారి చదవాలి. కృష్ణపట్నం ఓడరేవులో ఒకటో నంబరు హెచ్చరిక ఎగరేసినా సరే, వాయుగుండం దూరంగా ఎక్కడో ఉందిలే అనుకోకుండా ప్రయాణం మానుకోవాలి. హెచ్చరిక ఏదీ లేకపోయినా మీటరుకు మించిన అలలు ఉంటాయన్న రోజున ఫైబర్ పడవలో కొత్తవాళ్లతో వెళ్లడం నాకు సమ్మతం కాదు. గాలి దిశ కూడా ముఖ్యమే: రాత్రిపూట నేల మీద నుంచి వీచే గాలికి సముద్రం ఒడ్డున చదునుగా, హాయిగా కనిపిస్తుంది గానీ, ఇంజిన్ ఆగిన పడవను నడి సముద్రం వైపు నెట్టుకుపోయేది కూడా ఆ గాలే. పడమటి ఆకాశంలో, అంటే మన కొండల వైపు, మెరుపులు కనిపిస్తే అవి తీరానికి చేరేదాకా చూస్తూ కూర్చోకుండా గాలాలు చుట్టేయాలి. గాలానికి వాడే కార్బన్ రాడ్డు విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది గనుక దాన్ని నిలువుగా ఎత్తి పట్టుకోవడం పిడుగును పిలిచినట్టే అవుతుంది.

పడవ గురించి మొహమాటం లేకుండా అడగాలి. వేట పడవలు ప్రయాణికులను ఎక్కించుకోవడానికి అనుమతి పొందినవి కావన్న సంగతిని మనం ముందు ఒప్పుకోవాలి. కాబట్టి ఎక్కడ, ఎవరి అనుమతితో, ఏ పడవలో వెళుతున్నామో మత్స్యశాఖ వారినీ మెరైన్ పోలీసులనూ అడిగి, వద్దంటే ఒడ్డు నుంచే గాలం వేసుకోవాలి. రాష్ట్రంలో సముద్రపు వేట 1994 నాటి చట్టం కింద నడుస్తుంది. పడవకు రిజిస్ట్రేషన్ నంబరు రాసి ఉండాలి, అందరి దగ్గరా ఆధార్ కార్డు ఉండాలి. పడవ అతనితో కలిపి ఐదుగురికి మించవద్దు. ఆరో మిత్రుడు అలిగినా ఫరవాలేదు.

లైఫ్ జాకెట్ పడవ అతను ఇస్తాడులే అనుకోకుండా ఎవరిది వారు కొనుక్కోవడం మంచిది. తిరుపతిలో ఉండగానే ఒకసారి తొడుక్కొని, బకిళ్లన్నీ బిగించి, వెనుక నుంచి మరొకరు భుజాల దగ్గర పట్టుకొని పైకి లాగి చూడాలి. అది చెవుల దాకా లేచిందంటే నీళ్లలో మనిషి కిందికి జారిపోతాడని అర్థం. కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ, ఈల, వెలుతురు పడితే మెరిసే టేపు ఉన్నాయో లేదో చూడాలి. పడవ ఎక్కినప్పటి నుంచి దిగేదాకా, నిద్రపోయేటప్పుడు సైతం, దాన్ని విప్పకూడదు. తలకింద దిండుగా పెట్టుకున్న జాకెట్ ఎవరినీ తేల్చదు.

రాత్రి పడవ మీద నుంచి మనిషి నీళ్లలో పడిపోవడానికి పెద్ద చేపో పెద్ద అలో అక్కరలేదు. అందరూ కునుకు తీస్తుండగా ఒకడు మూత్రవిసర్జనకు అంచు మీద నిలబడతాడు, పడవ కొంచెం ఒరుగుతుంది, అంతే. దానికోసం ఒక వెడల్పు మూతి డబ్బా పెట్టుకోవాలి. సిగ్గుపడే విషయం కాదు. ఎవరు లేచినా పక్కవాడిని తట్టి చెప్పాలి, ఎప్పుడూ ఇద్దరు మేల్కొని ఉండాలి. ఎవరైనా పడిపోతే ఒకరు టార్చి వేసి అతన్ని చూపిస్తూనే ఉండాలి, చూపు తిప్పకూడదు. మరొకరు తాడు కట్టిన ఖాళీ క్యాను విసరాలి. పడవ దగ్గరికి వచ్చాక ఇంజిన్ పూర్తిగా ఆపి గానీ పైకి లాగకూడదు. లంగరు ఎప్పుడూ ముందు భాగం నుంచే వేయాలి, తాడు లోతుకు కనీసం ఐదు రెట్లు వదలాలి. మద్యం గురించి ఒకే మాట: సీసా కారులో కూడా ఉండకూడదు. సముద్రంలో కడుపు తిప్పకుండా వేసుకునే మాత్రలు డాక్టరును అడిగి తెచ్చుకోవాలి, వాటివల్ల నిద్ర వస్తుంది గనుక వేసుకున్నవారిని కాపలాకు పెట్టకూడదు.

గాలానికి పడిన ప్రతి చేపనూ చేత్తో పట్టుకోకూడదు. జెల్ల చేపకు వీపు మీద ఒకటి, రెండు పక్కల రెండు ముళ్లుంటాయి. రంపపు పళ్ల వంటి ఆ ముల్లు దిగితే నొప్పి భుజం దాకా పాకుతుంది. మా బావమరిది ఒకసారి చెప్పు కాలితో దాన్ని తొక్కి పట్టబోతే చెప్పును చీల్చుకొని ముల్లు అరికాలిలో దిగింది. మేము టీ కోసం తెచ్చుకున్న ఫ్లాస్కులోని వేడినీళ్లే ఆ రాత్రికి మందయ్యాయి: చర్మం ఓర్చుకోగలిగినంత వేడి, అంటే దాదాపు 45 డిగ్రీలు, దెబ్బ తగలని చేతితో చూసి, అరగంటకు తగ్గకుండా కాలిని ముంచి ఉంచితే నొప్పి చాలావరకు దిగివస్తుంది. కొరడా వంటి తోక ఉండే టేకు చేప ముల్లుకు కూడా ఇదే చికిత్స. లోతుగా దిగిన ముల్లునైనా గాలపు కొక్కేన్నైనా అక్కడే పీకకుండా ఆసుపత్రికి వెళ్లాలి, ధనుర్వాతం సూది వేయించుకోవాలి. తెడ్డులా చదునైన తోక ఉన్న పాము గాలానికి చిక్కితే తాడు కోసేయడమే మార్గం, ఎందుకంటే మన ఆసుపత్రుల్లో దొరికే నాలుగు జాతుల పాము విషానికి విరుగుడు సముద్రపు పాము విషానికి పనిచేయదు. పట్టగానే పొట్ట ఉబ్బించే చేపను వండుకోకూడదు. తాబేలు చిక్కితే జాగ్రత్తగా విడిపించి వదలాలి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఈ తీరానికి వచ్చేది మనం వేటకు ఎంచుకున్న నెలల్లోనే.

ఒడ్డున ఒక మనిషి మన కోసం మేల్కొని ఉండాలి. పడవ నంబరు, వెళ్లినవారి పేర్లు, లంగరు వేసే చోటు, తిరిగి వచ్చే గంట ఒక కాగితం మీద రాసి అతనికి ఇచ్చి, "ఎనిమిదికి మా నుంచి ఫోను రాకపోతే 1554కు చెయ్యి" అని గట్టిగా చెప్పాలి. అది కోస్ట్ గార్డ్ నంబరు; మెరైన్ పోలీసులకు 1093, ఏదీ కలవకపోతే 112. తీరం దాటిన కొద్దిసేపటికే ఫోను సిగ్నల్ పోవచ్చు గనుక, సముద్రంలో మాట్లాడుకోవడానికి వాడే వీహెచ్ఎఫ్ రేడియో ఉన్న పడవ దొరికితే బాడుగ ఎక్కువైనా అదే తీసుకోవాలి. సాయం అడగడానికి అందులో 16వ చానెల్.

పొద్దున ఒడ్డు చేరాక కారు తాళాలు వెంటనే తీయవద్దు. రాత్రంతా మేల్కొన్న కళ్లతో, ఎండ ఎదురుగా కాకపోయినా వీపున కాస్తుండగా, ఏసీ వేసుకొని నాయుడుపేట దాటి లారీల మధ్య నడపడం ముఖద్వారం దాటడం కంటే తక్కువ ప్రమాదమేమీ కాదు. రాత్రి వేటకు రాని ఒక డ్రైవరును పెట్టుకోవాలి, లేదా పాలెంలోనే చెట్టు కింద చాప పరచుకొని మూడు గంటలు పడుకోవాలి. చేపకు సమానంగా ఐసు వేసి పెట్టె మూత బిగించి ఉంటే, అది మధ్యాహ్నం దాకా చెడిపోదు.