ఇన్‌లైన్ అసెంబ్లీలో కాన్‌స్టంట్ ఇచ్చే ముందు ఇవి చూసుకోండి

జీసీసీ (సి కంపైలర్) లో ఇన్‌లైన్ అసెంబ్లీ, అంటే సి కోడ్ మధ్యలో నేరుగా అసెంబ్లీ ఇన్‌స్ట్రక్షన్లు, రాసేవాళ్ళ కోసం ఇది, ఎక్కువగా ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లు) గురించే.

ముందు, ఆ విలువ కంపైల్ టైమ్‌లో నిజంగా తెలుస్తుందా అని చూడండి. చిన్న ఐ (i) కన్‌స్ట్రెయింట్ (ఇచ్చే విలువ ఎలాంటిదై ఉండాలో కంపైలర్‌కి చెప్పే అక్షరం) పెట్టి, ఇన్‌లైన్ ఫంక్షన్ పారామీటర్‌ని దానికి ఇచ్చేస్తారు, ఓ2 (ఆప్టిమైజేషన్ ఆన్) లో బిల్డ్ చేస్తే ఫంక్షన్ ఇన్‌లైన్ అయి నంబర్ తెలిసిపోతుంది కాబట్టి బాగానే కంపైల్ అవుతుంది, అదే డీబగ్ కోసం ఓ0 (ఆప్టిమైజేషన్ ఆఫ్) పెడితే ఇంపాసిబుల్ కన్‌స్ట్రెయింట్ అని ఎర్రర్ వస్తుంది. నాకు ఒక పూట మొత్తం దీనికే పోయింది. అందుకే ఓ0 లో కూడా ఒకసారి బిల్డ్ చేసి చూడండి, ఆగిపోతే ఫంక్షన్ బదులు మాక్రో రాయండి.

చిన్న ఐ అంటే సింబల్ (వేరియబుల్, ఫంక్షన్ లాంటి పేరు) అడ్రస్ కూడా ఒప్పుకుంటుంది, కచ్చితంగా నంబరే కావాలంటే చిన్న ఎన్ వాడండి.

రేంజ్ మర్చిపోవద్దు. ఎక్స్86 లో పెద్ద ఐ అంటే 0 నుంచి 31, 32 బిట్ షిఫ్ట్‌లకి, పెద్ద ఎన్ అంటే 0 నుంచి 255, ఇన్, అవుట్ ఇన్‌స్ట్రక్షన్లకి. రిస్క్-ఫైవ్ అనే వేరే రకం ప్రాసెసర్‌లో అదే పెద్ద ఐ 12 బిట్ల సైన్డ్ నంబర్, కాబట్టి కోడ్ పోర్ట్ చేసేటప్పుడు అక్షరాలు యథాతథంగా కాపీ కొట్టొద్దు ప్లీజ్.

64 బిట్ యాడ్‌కి పెద్ద నంబర్ ఇస్తున్నారా? అందులో ఇమీడియెట్ (ఇన్‌స్ట్రక్షన్‌లోనే ఉండే నంబర్) 32 బిట్ల సైన్డ్ వరకే పడుతుంది, చిన్న ఈ (32 బిట్ల సైన్డ్ కాన్‌స్టంట్), ఆర్ (రిజిస్టర్) రెండూ కలిపి ఇస్తే సరిపోనప్పుడు కంపైలరే రిజిస్టర్‌లో పెట్టేస్తుంది.

డాలర్ గుర్తు లేకుండా ఉత్త నంబర్ కావాల్సిన చోట అసెంబ్లీ లైన్‌లో పర్సెంట్ తర్వాత, ఆపరాండ్ నంబర్‌కి ముందు, చిన్న సి పెట్టండి (%c0 లాగా).