ఇంగ్లీషు కాపీలో 'హెల్డ్' కనపడితే తెలుగులో ఏం రాయాల?

పేపర్ డెస్కులో, అంటే ఇంగ్లీషులో వచ్చే వార్తల్ని (వాటినే కాపీ అంటాం) తెలుగు చేసే చోట, కొత్తగా చేరే పిల్లోళ్లు పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలకి భయపడి డిక్షనరీ తీస్తారు, తీరా బోల్తా పడేది హోల్డ్ లాంటి చిన్న మాట దగ్గర. నేనూ పడినోణ్ణే. తిరుపతిలో ట్రైనీగా చేరిన కొత్తల్లో న్యూస్ ఏజెన్సీ కాపీలో 'హైకోర్ట్ హెల్డ్ దట్' అని వస్తే, హెల్డ్ అంటే నిర్వహించడమే కదా అని 'హైకోర్టు నిర్వహించింది' అని రాసి పంపించేసినా. మా సీనియర్ దాన్ని అందరికీ వినపడేట్టు చదివి, ఏం నిర్వహించిందప్పా, గంగమ్మ జాతరా? అన్నాడు.

అప్పట్నుంచి నేను చేసే పని ఒకటే, హెల్డ్‌ని ఒక్కదాన్నే చూడను, దానికి ముందు ఎవరున్నారు వెనక ఏముంది అని చూస్తా.

ముందు మనుషులుండి వెనక 'విత్', 'ఫర్', 'ఇన్' లాంటివి ఉంటే అది పోలీసు వార్త. మన పక్క ఎక్కువగా వచ్చేది 'టూ హెల్డ్ విత్ రెడ్ శాండర్స్ లాగ్స్' రకం, ఇంగ్లీషు హెడ్డింగుల్లో 'వర్' ఎగరగొట్టేస్తారు కాబట్టి ఇద్దరు ఎర్రచందనం దుంగలు పట్టుకున్నారా ఇద్దర్ని పట్టుకున్నారా అని కొత్తోడికి డౌటొస్తాది. పట్టుబడినారు అనే అర్థం. అరెస్టెడ్‌కి 8 అక్షరాలు, హెల్డ్‌కి 4, సింగిల్ కాలమ్ హెడ్డింగులో ఏది పడతాదో చెప్పక్కర్లేదు కదా. తెలుగులో మనుషులకి అరెస్టు, దుంగలకి స్వాధీనం.

కానీ హెడ్డింగు చూసి అరెస్టు అని కొట్టేయొద్దు, కింద బాడీ మొత్తం చదవండి. 'హెల్డ్ ఫర్ క్వశ్చనింగ్' అనో 'డిటైన్డ్' అనో ఉంటే 'అదుపులోకి తీసుకున్నారు' వరకే మనం పోవాల. అరెస్టు చేస్తే ప్రయాణం టైము తీసేసి 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ముందు పెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణలోనే ఉంది, అంటే ఆ మాటకి లెక్క ఉంది, మనం ఊరికే వాడేస్తే ఎట్లా. కాపీలో క్లియర్‌గా లేకపోతే స్టేషన్‌కి ఫోన్ కొట్టండి. ఇంకోటి, శేషాచలం అడవిలో దొరికిన ప్రతోడూ స్మగ్లర్ కాదు, తమిళనాడు నుంచి చెట్లు నరకడానికి వచ్చిన కూలీ అయ్యుండొచ్చు, కాపీలో స్మగ్లర్ అని లేనప్పుడు ఆ ముద్ర మనం వేయొద్దు.

ముందు కోర్టుండి వెనక 'దట్' వస్తే 'తేల్చి చెప్పింది' లేదా 'తీర్పు చెప్పింది'. 1973లో కేశవానంద భారతి కేసులో సుప్రీంకోర్టు 13 మంది జడ్జిల బెంచి 7-6 మెజారిటీతో, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు మార్చకూడదని 'హెల్డ్'. అది తీర్పు. అదే 'అబ్జర్వ్‌డ్' అని ఉంటే జడ్జి విచారణ మధ్యలో అన్న మాట కూడా అయ్యుండొచ్చు, దానికి 'వ్యాఖ్యానించింది' చాలు. ఈ రెండూ కలిపేసి రాస్తే రేపు వకీళ్లు ఫోన్ చేసి మరీ తిడతారు, న్యాయమే. 'అప్‌హెల్డ్' అంటే కింది కోర్టు తీర్పుని సమర్థించింది అని, కొత్తగా ఏదో ఇచ్చింది అని కాదు.

ముందు మీటింగో ఎన్నికలో ఉంటే ఈజీ, 'జరిగింది' అని రాసేయండి. మనోళ్లకి 'నిర్వహించారు' అనేది ఒక జబ్బు, ప్రెస్‌మీట్ నిర్వహించారు, పూజ నిర్వహించారు, ర్యాలీ నిర్వహించారు... ప్రెస్‌మీట్ పెట్టారు, పూజ చేశారు అంటే ఏం పోతాది?

మిగతావి చిన్నవి. 'ట్రాఫిక్ హెల్డ్ అప్' అంటే ఘాట్‌రోడ్డులో బండ్లు ఆగిపోయినాయి అని. 'ప్రైసెస్ హెల్డ్' అంటే తోతాపురి మామిడి రేటు నిలకడగా ఉంది అని. 'హోల్డ్స్ అడిషనల్ చార్జ్' అంటే అదనపు బాధ్యతలు. 'నేమ్ విత్‌హెల్డ్' అని ఉంటే పేరు బయటపెట్టలేదని అర్థం, పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల) కేసైతే మనకి తెలిసినా బాధిత పిల్లల పేరు, ఊరు, స్కూలు ఏదీ రాయకూడదు.

ఇంక డెస్కులో మనం వాడే హోల్డ్. రాత్రి పేజీలు పోయే టైములో ఇన్‌చార్జి 'ఆ ఐటెం హోల్డ్' అంటే తీసేయమని కాదు, పెట్టమనీ కాదు, ఎవరిదో వివరణ రావాల్సి ఉందని. ఎందుకు ఆపినారో ఫైల్ పైన ఒక లైను రాసి పెట్టండి, లేదంటే తర్వాతి షిఫ్టోడికి ఆ సంగతి తెలీదు, పేజీలో ఖాళీ కనపడిందని ఎత్తి పెట్టేస్తాడు.